అన్న వినకూడని కథ

లెసీలికి తోడబుట్టినవాడు ఒక్కడూ లేడు. అన్నలు మాత్రం పదిహేడు మంది. పెద్దమ్మల కొడుకులు, చిన్నమ్మ కొడుకులు, చివరికి మేనమామ కొడుకులు కూడా అన్నలే అయినప్పుడు టోంగా దీవుల రాజధాని నుకుఅలోఫాలో ఎటు తిరిగినా ఎవడో ఒకడు ఎదురుపడక తప్పదు. అక్కడి ఆచారం ప్రకారం అన్న వినేలా చెల్లెలు ప్రేమ ఊసెత్తకూడదు. చెల్లెలున్న గదిలో అన్న పరాచికాలాడకూడదు. టీవీలో ఎవరైనా ఎవరి చెయ్యైనా పట్టుకుంటే చాలు, ఇద్దరిలో ఒకరు లేచి వంటింట్లోకి పోవాలి. ఈ లెక్కన లెసీలి పంతొమ్మిదేళ్లలో ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడలేదు. పోతే పోయాయి సినిమాలు అనుకుంది. కానీ కాలేజీలో కథలు రాయడం నేర్పే ఇంగ్లీషు క్లాసులోకి కూడా ఓ అన్న వచ్చి కూర్చుంటాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

వచ్చినవాడు పెద్దమ్మ కొడుకు ఫెలేతి. ఇరవై నాలుగేళ్లవాడు. ఓడరేవు దగ్గర నాలుగేళ్లు సిమెంటు పనిచేసి విసిగిపోయాడు. ఈ ఏడు ఇంగ్లీషు పాసైతే ఓడల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఇస్తామన్నారు. నిరుడు తప్పాడు. ఈసారీ తప్పితే ఆ కుర్చీ ఇంకొకరిది.

క్లాసులో ఎవరి కథ వాళ్లే పైకి చదవాలి. ఎవరైనా చదువుతుండగా మూడుసార్లు లేచి వెళ్లినవాళ్లు ఫెయిలైనట్టే. ఆ నియమం పెట్టింది పిసిలా టీచరు.

మొదటిసారి లెసీలి కథలో ఓ అబ్బాయి ఓ అమ్మాయి మెడ వంక చూశాడు. చూశాడంతే. వెనక బెంచీ కిర్రుమంది, ఫెలేతి బయటికి వెళ్లిపోయాడు. రెండోసారి ప్రేమా దోమా ఏమీ లేదు, ఒకావిడకు నెలలు నిండాయి. నొప్పులు మొదలయ్యేలోపే ఫెలేతి వరండాలో ఉన్నాడు.

ఆ తర్వాత లెసీలి వాన గురించి రాసింది. చర్చి కప్పు గురించి రాసింది. మేక గురించి రెండు పేజీలు రాసింది. కాగితం చివర టీచరు ఎర్ర సిరాతో ‘వీటిలో మనుషులు ఎక్కడ?’ అని రాసింది. లెసీలికి ఒళ్లు మండిపోయింది. తిన్నగా స్టాఫ్ రూముకు వెళ్లింది.

“మేడమ్, ఆయన మా అన్న.”

“క్లాసులో అన్నలూ చెల్లెళ్లూ ఉండరు లెసీలీ. ఉండేది స్టూడెంట్లే. ఆక్లాండ్‌లో నేనూ మా తమ్ముడూ ఒకే సోఫాలో కూర్చుని ఎన్ని సినిమాలు చూశామో! ఎవరూ చచ్చిపోలేదు.”

“మీ అమ్మగారికి తెలుసా మేడమ్?”

టీచరు కాసేపు పెన్ను మూత వెతుక్కుంది. “అది వేరే సంగతి,” అంది.

ఇంట్లో అమ్మ వీకా చాప అల్లుకుంటూ కూర్చుంది. విషయం విని చెయ్యి కూడా ఆపలేదు.

“నువ్వే మంచి కథలు రాయరాదటే? బైబిల్లో ఎన్ని లేవు!”

“ఆయన్ని వేరే క్లాసుకి పొమ్మని చెప్పమ్మా.”

“ఉన్నదే ఒక్క క్లాసు, ఎక్కడికి పోతాడు? అయినా వాడు నీకు గౌరవం ఇస్తున్నాడే తల్లీ. చెల్లెలంటే అన్నకన్నా ఓ మెట్టు పైన.”

“ఆ గౌరవమే నన్ను పీక్కు తింటోంది!”

కోపం తగ్గక లెసీలి ఇంకో కథ మొదలుపెట్టింది. ఓడరేవులో పుచ్చకాయలమ్మే అమ్మాయి, చేపల పడవ మీద పనిచేసే కుర్రాడు. వాళ్లేం చేశారో ఏ అన్న ముందూ చదవలేం. ఏడు వారాలు కొట్టేసి రాసి, రాసి కొట్టేసింది. స్నేహితురాలు ఫూసీ అది చదివి ఏడ్చి, క్లాసంతా చాటింపు వేసింది. ఆఖరి వారం చదివినవాటిలో మేలైన కథ కాలేజీ పుస్తకంలో అచ్చవుతుంది. లెసీలికి ఈ లోకంలో కావలసింది అదొక్కటే.

ఆ రోజు అందరూ, గౌరవానికి గుర్తుగా కట్టుకునే అల్లిక చాపలు నడుముకు చుట్టుకుని పద్ధతిగా వచ్చారు. లెసీలి చేతిలో రెండు కథలున్నాయి. వెనక బెంచీలో తల వంచుకుని ఫెలేతి. ఇంకొక్కసారి లేచాడంటే అతను తప్పినట్టే. ఆమె పళ్లు కొరుక్కుని, పడవ కథను అడుగున పెట్టింది. అన్నలందరినీ మనసులోనే తిట్టుకుంటూ చదవసాగింది.

“పెండలం పాతే ముందు మా నాన్న నేలను చేత్తో తడిమి చూస్తాడు...”

ఫూసీ తల పట్టుకుంది. ఎవరో ఆవలించారు. మూడో వాక్యం పూర్తికాకముందే వెనక బెంచీ కిర్రుమంది.

“ఫెలేతీ! ఇది పెండలం కథయ్యా!” అంది టీచరు.

అతను నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. “అవును మేడమ్. పెండలం గురించి చెల్లి ముందు వినలేను.”

క్లాసు గొల్లుమంది.

“ఇది మూడోసారి. తెలుసా?”

“తెలుసు మేడమ్.”

తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు.

లెసీలికి కోపం ముంచుకొచ్చింది. ఎవరడిగారు ఇతన్ని దారి ఇవ్వమని? వెనక్కి పిలిచినా రాడు. పెండలం కాగితాలు బల్ల మీద పడేసి, పడవ కథ తీసి, ఎవరితోనో దెబ్బలాడుతున్నట్టు మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివింది. ఒక్కరు కూడా దగ్గలేదు.

కథ అచ్చయింది. ఫెలేతి మళ్లీ సిమెంటు పనిలో చేరాడు. ఓ సాయంత్రం వీకా నవ్వుకుంటూ ఇంటికొచ్చింది.

“మీ అన్న ఏం చేశాడో తెలుసా? ఆ పుస్తకం కొన్నాడట. నీ పేజీలు తెరుచుకోకుండా స్నేహితుడిచేత పిన్నులు కొట్టించుకున్నాడట. మగవాళ్లంతా చేరి కవా వేరు రసం తాగే చోటికి రోజూ పట్టుకెళ్లి ‘మా చెల్లి కథ, కొనుక్కుని చదవండ్రా’ అని ఒకటే గొడవట. అందులో ఏముందిరా అంటే, ‘నాకేం తెలుసు, బాగుంటుందట’ అంటాడట!”

లెసీలి నవ్వలేదు.

“ఏమే, ఏడుస్తున్నావా?”

“ఊరంతా చదివి ఎవరికి తోచింది వాళ్లు చెప్పారమ్మా. బాగుందో బాగాలేదో ఆయన నోట వినాలనుంది. జన్మలో అడగలేను కదా.”