చుక్కలు చేసిన ఇనుము

ఇనుప మాత్రలకు ఆ తుప్పు రుచి ఎందుకు పెడతారో నాకు తెలియదు. పొద్దున ఒకటి మింగితే మధ్యాహ్నం దాకా నోరు కిటికీ ఊచ నాకినట్టుంటుంది. డాక్టరుకు చెబితే, అది ఇనుమే కదండీ అన్నాడు.

నా చిన్నప్పుడు, మెదక్‌లో, మా అక్క ఒంట్లో రక్తం లేక చనిపోయింది. తొలి కాన్పు, పసిపిల్ల మాత్రం బతికింది. దవాఖానలో డాక్టరు అక్క కింది రెప్ప లాగి చూసి, తెల్లగా ఉందన్నాడు. అక్క చుక్కైపోయిందని ఇంటికొచ్చిన వాళ్లంతా నాకు చెప్పారు. ఏ చుక్కో ఒక్కరూ చెప్పలేదు.

మూడోనాడు వాగు ఒడ్డున పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే వాళ్లకు ఏదో కోరిక మిగిలిందని అర్థం. అక్క కోసం సర్వపిండి పెట్టారు. మెదక్‌లో కాకులకు ఎన్నడూ కరువు లేదు. ఆ రోజు మాత్రం అన్నిటికీ వేరే పనులున్నట్టున్నాయి.

"నీ బిడ్డను నేను సాదుత. ముట్టు తల్లీ," అని మా నాయినమ్మ ఆకాశాన్ని బతిమాలుతోంది.

చర్చి వెనక గల్లీ టీచరమ్మ మాతో వచ్చింది. బడిలో సైన్సు చెప్పేది. అక్క ఏ చుక్కని ఆమెను అడిగాను.

"ఎవరూ సచ్చి సుక్క కారు బిడ్డా. సుక్కలే సచ్చి మనమైతయి," అంది.

పెద్ద చుక్క కడుపులో తేలికైనది మండి బరువైనదిగా మారుతుందట. అది మండి ఇంకా బరువైనది. అలా అలా చివరికి ఇనుము. దాన్నుంచి ఇక వేడి రాదు. పొయ్యి ఆరిన చుక్క తన బరువుకు తానే కూలి, పగిలి, చేసినదంతా చిమ్మేస్తుంది. ఆ ఇనుమే మట్టిలోకి, తోటకూరలోకి, మన నెత్తురులోకి. చెప్పడం అయ్యాక టీచరమ్మ నా కింది రెప్ప లాగి చూసి, ఎర్రగా ఉంది, చుక్క నీ దగ్గరే ఉంది అంది.

ఇప్పటికీ మాత్ర మింగాక అద్దంలో రెప్ప లాగి చూసుకుంటాను. ఈ మధ్య అంత ఎర్రగా ఏమీ లేదు. చూసినప్పుడల్లా నాయినమ్మ గొంతే వినిపిస్తుంది. ఆ రోజు కాకి ముట్టని విస్తరి ముందు నుంచి లేవకుండా, ఇటు తిరగకుండానే టీచరమ్మను అడిగింది:

"గన్ని సుక్కలు సచ్చినయంటివి. నా పొల్లకు జరంత ఇనుమియ్యనీకి ఒక్కటన్న దొర్కకపాయెనా?"