నిమ్మకాయలెక్కిన కారు

2005లో మేం ధర్మపురి పక్కన సోగత్తూరులో ఉండేవాళ్లం. బెంగళూరులో కొన్న కిట్‌లోని ప్లాస్టిక్ ముక్కలు ఒక్కొక్కటే అతికించి, మూడు నెలల్లో పాతకాలపు ఇటలీ ఫ్యామిలీ కారు నమూనా తయారుచేశాను. తలుపులు తెరుచుకునేవి, చక్రాలు తిరిగేవి. మా మేనమామ మాత్రం చూసినప్పుడల్లా "ఏం అల్లుడా, బొమ్మకు పాలు తాపినావా?" అనేవాడు. "బొమ్మ కాదు, కారు" అని ప్రతిసారీ పోట్లాడేవాణ్ని.

ఆ ఏడు ఆయుధపూజ రోజు నేను స్నానం చేసి వచ్చేసరికి నా కారు మామ కొత్త ట్రాక్టరు పక్కన ఉంది. పసుపు కుంకుమలు పూసి, చక్రాలకన్నా పెద్ద నిమ్మకాయలు నాలుగు మామ ఆ చక్రాల ముందు పెట్టాడు. "మామా, వద్దు!" అని నేను అరిచేలోపే అరచేత్తో నొక్కి ముందుకు తోశాడు. చక్రాలు విరిగి పడ్డాయి.

"ఏం పని మామా ఇది?"

"కారంటివి గదరా! కారైతే నిమ్మకాయ తొక్కించొద్దా?"

అందరూ పగలబడి నవ్వారు. మామ నవ్వలేదు.

ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఈనాటికీ క్షమాపణ చెప్పలేదు, నేనూ మరిచిపోలేదు. కానీ అది ఎగతాళే అయితే, తన ట్రాక్టరుకన్నా ముందు, విరిగిన నా కారుకే హారతి ఎందుకిచ్చాడో నాకింకా అర్థం కాలేదు.