చుట్టల అవ్వ కొసరు

ఆ రోజుల్లో, అంటే ఎనభైలు ముగింపుకొస్తున్న కాలంలో, బీకాం పాసై ఉద్యోగం రాకుండా ఊళ్లో తిరిగేవాడికి మర్యాదగా బతకడానికి ఒకటే దారి ఉండేది: ఏదో ఒక సంఘానికి కార్యదర్శి కావడం. మా కేసముద్రంలో అప్పటికే యువజన సంఘం, భజన సంఘం, వాలీబాల్ సంఘం ఉన్నాయి. వాటన్నిటికీ కార్యదర్శులు కూడా ఉన్నారు. నేను కాస్త ఆలస్యంగా పాసయ్యాను (ఈ ‘కాస్త’ గురించి మా బాపు నలుగురిలో వివరంగా చెప్పేవాడు, ఇక్కడ అక్కర్లేదు). నా అదృష్టం కొద్దీ అప్పుడే వినియోగదారుల చట్టం కొత్తగా వచ్చింది. ఆ సంగతి పేపర్లో చదివి, ఈ సంఘం ఊళ్లో ఇంకా ఎవరూ పెట్టలేదని గమనించి, ఆ వారంలోనే పెట్టేశాను. ప్రజాసేవ మీద నాకప్పుడు ఎంత ప్రేమ ఉండేదో చెప్పలేను గాని, ‘కార్యదర్శి’ అని ఒక రబ్బరు ముద్ర చేయించుకోవాలన్న కోరిక మాత్రం బలంగా ఉండేది.

సంఘానికి గది కావాలి, కుర్చీలు కావాలి. ఆ రెండూ ఉన్నది స్టేషన్ రోడ్డులో కిరాణా దుకాణం నడిపే మా మేనమామకు. అందుకని ఆయనే అధ్యక్షుడయ్యాడు. కొనేవాళ్ల సంఘానికి అమ్మేవాడు అధ్యక్షుడేమిటని ఒకరిద్దరు అడిగితే మామ ఏమాత్రం తొణకలేదు. “ఏం, నేను కొననా? నా అంగి కొనుక్కోలేదా, నా చెప్పులు కొనుక్కోలేదా? మీకంటె ఎక్కువనే కొంట నేను” అన్నాడు. దుకాణం వెనక గదిలో బెల్లం బుట్టలు ఓ పక్కకు జరిపి బోర్డు తగిలించాం. సంఘం కాగితాలన్నీ చింతపండు వాసన వేసేవి.

లాభం చూసుకోకుండా పనిచేసే ఇలాంటి సంఘాలకు సర్కారు గ్రాంటు ఇస్తుందని కొన్నాళ్లకు తెలిసింది. అది వస్తే వారపు అంగడి రోజు ఎవరి సరుకు వాళ్లు చూసుకోవడానికి ఒక సరితూకం కాంటా పెట్టొచ్చు, కార్యదర్శికి నెలనెలా కొంత భత్యమూ ఇవ్వొచ్చు. (ఈ రెండింట్లో నా కళ్లకు ముందు కనబడింది రెండోదే.) ఇంట్లో చెప్పాను. బాపు అన్నం కలుపుతూ, తల ఎత్తకుండానే తీర్పు చెప్పాడు. “గా గ్రాంటో గీంటో వస్తె ఊళ్లె ఉండు. రాకుంటె నర్సింహులపేటల మీ బావ ఎరువుల దుకాణంల గల్ల మీద కూసో. మల్ల మాట లేదు.” మా బావ మంచివాడే, కానీ నన్ను ‘బీకాం సారు’ అని పిలిచి తనే నవ్వుకునే అలవాటు ఒకటి ఉండేది. పైగా యూరియా వాసన నాకు పడదు. కాబట్టి ఆ గ్రాంటు రావడం దేశానికి ఎంత అవసరమో గాని, నాకు చాలా అవసరం.

దరఖాస్తు పంపాం. ఒక అధికారి వచ్చి చూస్తారని జవాబొచ్చింది. ఇక నాకు నిలకడ లేదు. అధ్యక్షుడి దుకాణం ఊరికి ఆదర్శంగా ఉండాలని మామను కూర్చోబెట్టి ఉపన్యాసమిచ్చాను. ఆయన కొత్త కాంటా, ముద్ర వేసిన కొత్త తూకపు బాట్లు తెప్పించాడు. అంతటితో ఆగితే బాగుండేది. “కొసరు కూడా బంద్ చెయ్యి మామా, చట్టం ఒప్పుకోదు” అన్నాను (చట్టంలో అలా ఉందో లేదో నేను చూడలేదు). తూకం అయ్యాక కొన్నవాళ్లు చెయ్యి చాపడం, దుకాణదారు చిటికెడో పిడికెడో అదనంగా పెట్టడం, అదీ కొసరు. తాతల నాటి నుంచి మా దగ్గర అది లేకుండా బేరం ముగిసినట్టే కాదు. మామ నా మాట విని ఆపేశాడు. చాపిన చేతులు చాపినట్టే ఉండగా “సరితూకం, ఎక్కువ లేదు, తక్కువ లేదు” అని అధ్యక్షుడి గొంతుతో చెప్పేవాడు.

నెల తిరక్కముందే గిరాకీ అంతా ఎదురు దుకాణానికి నడిచింది. ఆ దుకాణం కాంటా సంగతి ఊరందరికీ తెలుసు. అది ఎప్పుడూ ఒకవైపే ఒరిగేది. కానీ ఆయన కొసరు నవ్వుతూ పెడతాడు. మామ ఈగలు తోలుకుంటూ నాతో మొరపెట్టుకున్నాడు. “మస్తు పరేషాన్ ఉన్నదిర అల్లుడా. తక్కువ జోకినప్పుడు కూడ నన్ను గిట్ల చూడలే. గిప్పుడు సరిగ్గ జోకితె దొంగను చూసినట్టు చూస్తున్నరు.” గ్రాంటు వచ్చేదాకా ఓపిక పట్టమన్నాను.

ఆ అధికారి వరంగల్లు నుంచి ప్యాసింజర్లో దిగాడు. కోస్తావైపు మనిషి, మాట మెత్తన, చూపు గట్టి. మేం ఆయనకు గ్రాంటు సారని పేరు పెట్టుకున్నాం. బోర్డు చూశాడు, ముద్ర చూశాడు (నా గుండె ఉప్పొంగింది), తర్వాత “మీకొచ్చిన ఫిర్యాదులు చూపించండి” అన్నాడు. మామ నా వైపు చూశాడు, నేను బెల్లం బుట్టల వైపు చూశాను. ఒక్క ఫిర్యాదూ లేదు. మా ఊళ్లో కొనేవాడు అమ్మేవాణ్ణి బావా అనో, బాబాయీ అనో, అన్నా అనో పిలుస్తాడు. కోపమొస్తే దుకాణం ముందు నిలబడి నాలుగు తిట్లు తిట్టి, అక్కడే చాయ్ తాగి పోతాడు గాని, బావ మీద కాగితం రాసిస్తాడా? ఇదంతా నేను వివరిస్తే సారు ఓపిగ్గా విన్నాడు. “ఊరు ఇంత చక్కగా ఉంటే ఇక మీ సంఘం అవసరమేముందండీ?” అని ఫైలు కట్టడం మొదలుపెట్టాడు. నాకు అక్కడికక్కడే యూరియా వాసన కొట్టింది.

అప్పుడు గుమ్మంలోకి చుట్టల అవ్వ వచ్చింది. చెవి వెనక ఆరిన చుట్ట, కొంగున పొద్దున మామ దగ్గర కొన్న బెల్లం మూట. చుట్ట కాల్చే ఆడవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నా ఆ పేరు మాత్రం ఈమెకే దక్కింది. సారును ఎగాదిగా చూసి, “సర్కారు సారువు నువ్వేనా బిడ్డా? నాదొక పిర్యాదున్నది, రాసుకో” అంది.

మామ నా చెవిలో “అల్లుడా, జర గామెను పంపియ్యరాదుర” అన్నాడు. ఆయనకు అర్థమైపోయింది. నాకూ అర్థమైంది, కానీ మా సంఘం మొత్తానికి ఉన్న ఫిర్యాదు అదొక్కటే. కలం తీసి “ఎవరి మీద అవ్వా?” అన్నాను, మామ వైపు చూడకుండా.

“గీయన మీదనే. అధ్యక్షుడైనంక కొసరు బంద్ వెట్టిండు.”

సారు మూట విప్పించి కాంటాలో పెట్టించాడు. ముల్లు నిటారుగా నిలబడింది. “తూకం సరిగ్గానే ఉంది కదమ్మా” అన్నాడు.

“సరిగ్గ లేదని నేనన్ననా సారు? తూకం నా పైసలకిచ్చిండు. మరి నేనొచ్చినందుకు ఏమిచ్చిండు? గింత ఎండల నడిచొచ్చిన మనిషిని ఉత్త చేతులతోని పంపుతడా?”

“కొసరు ఇవ్వాలని చట్టంలో లేదమ్మా.”

“గా చట్టం రాసినాయన ఎన్నడన్న బెల్లం కొన్నడా?”

సారు కలం మూత పెట్టాడు. “మా అమ్మ కూడా కొసరు వెయ్యకపోతే కొట్టు మెట్టు దిగేది కాదు” అన్నాడు, మాతో కాదు, బెల్లం బుట్టలతో అన్నట్టు. మామ లేచి ఒక ముక్క విరిచి అవ్వ చేతిలో పెట్టాడు. ఆ చెయ్యి వెనక్కి పోలేదు. “గిది ఇయ్యాల్టిది. మరి గిన్ని దినాలది?” మామ ఇంకో పెద్ద ముక్క విరిచాడు. అవ్వ అందులోంచి కాస్త తుంచి సారు అరచేతిలో పెట్టి, “తిను బిడ్డా, ఎండలొచ్చినవ్” అంది. సర్కారు తిన్నది. నేను నా కళ్లతో చూశాను.

వెళ్లేముందు సారు ఫైల్లో ఫిర్యాదు అందినట్టు, ఇద్దరి ఎదుటా పరిష్కారమైనట్టు రాసుకున్నాడు. “సొంత అధ్యక్షుడి మీద ఫిర్యాదు తీసుకున్న సంఘాన్ని నేనింకా చూడలేదండీ” అని నా భుజం తట్టాడు. మామ మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు గిరాకీ తిరిగొచ్చాక మాట్లాడాడు.

గ్రాంటు వచ్చింది. అంగడిలో కాంటా పెట్టాం, నాకు ఏడాదిపాటు భత్యం ముట్టింది, ముద్ర మీద సిరా బాగా వాడాను. రెండో విడత రాలేదు. ఎందుకు రాలేదని అడుగుతూ నేను రాసిన ఉత్తరాలకు జవాబులూ రాలేదు. చివరికి నర్సింహులపేటకే వెళ్లి బావ గల్ల మీద కూర్చున్నాను. యూరియా వాసన నెలలో అలవాటైంది, ‘బీకాం సారు’ మాత్రం బావ బతికున్నంత కాలం అలవాటు కాలేదు. అక్కడ విత్తనాలు జోకినప్పుడల్లా ఎవరూ అడక్కముందే ఒక పిడికెడు ఎక్కువ వేసేవాణ్ణి.

ఇప్పుడు సరుకులన్నీ కట్టిన ప్యాకెట్లలో వస్తున్నాయి, కొసరు వెయ్యడానికి సందు లేదు. మొన్న మా వీధి చివర పెద్ద దుకాణంలో బిల్లు కట్టాక నా చెయ్యి దానంతటదే చాచుకుని ఉండిపోయింది. గల్ల దగ్గరి పిల్ల అర్థం కాక చూసి, “చిల్లర లేదు తాతా” అంటూ అందులో ఒక చాక్లెట్ పెట్టింది. ఒకప్పటి వినియోగదారుల సంఘం కార్యదర్శిగా నేను అక్కడే నిలబడి నా రూపాయి నాకిమ్మని కొట్లాడాలి. చట్టం పూర్తిగా నా వైపే ఉంది. కానీ ఆ చాక్లెట్ నోట్లో వేసుకుని, కొసరు ముట్టిందన్న తృప్తితో చప్పరించుకుంటూ ఇంటికొచ్చేశాను.