లేని చెప్పుల చప్పుడు

కొడకండ్ల దగ్గరి మా ఊళ్లో, దొర గడీ ముందు నుంచి పోయేవాళ్లెవరైనా చెప్పులు విప్పి చేత పట్టుకోవాల్సిందే. మా మేనత్తకు ఆ బాధ లేదు. ఆమెకు చెప్పులే లేవు! అయినా నలభై ఏళ్ల ఆ మనిషి, దొర పొలంలో వెట్టికి వరి కోస్తూ రోజూ నన్ను అడిగేది.

"గడీ ముందర చెప్పులేసుకొని నడుస్తున్నవనుకో. ఎట్లున్నదే పిల్లా?"

"భయమైతాంది అత్తా."

"ఇంకోపారి అనుకో. అనుకునుడు గూడ కొడవలి లెక్కనే. నూరకపోతే మొద్దుబారుతది."

ఒకనాడు ఆ చెప్పులకు ఎర్ర కుచ్చులు పెట్టేది, ఇంకోనాడు కిర్రుమనే చప్పుడు. కోతలు వదిలి పడీపడీ నవ్వేవాళ్లం.

చివరికి దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లొచ్చారు, దొర పట్నం పారిపోయాడు. ఊరంతా ఊరేగింపుగా కదిలాం. గడీ రాగానే అందరం ఆగి, వంగి, చెప్పులు విప్పేశాం! దొర లేడని మా నడుములకింకా తెలియదు.

మేనత్త ఒక్కతే ఆగలేదు. ఉత్త కాళ్లతో, తలెత్తి, నోటితో "కిర్రు... కిర్రు..." అంటూ నడిచింది.

నా చెప్పులు తొడుక్కొని ఆమె వెంట ఉరికాను. భయం వేయలేదు. ఆ దారిలో చెప్పులతో నేనప్పటికే వందసార్లు నడిచాను!