లైను పడిన చీర

ఎడమచేతి వేళ్ళకు సుద్దపొడి అంటుకున్నప్పుడల్లా నాకు పిడకల బూడిద వాసన వస్తుంది. సుద్దకు ఆ వాసన ఉండదని తెలుసు. హిందూపురంలో ఇన్నేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పినా ఆ భ్రమ మాత్రం వదల్లేదు. మొన్నామధ్య ఏడో తరగతిలో బోర్డు మీద ‘లైను’ అని రాసి, ఆ మాట ఎక్కడెక్కడ వాడతారో చెప్పమన్నాను. రైలు లైను, కరెంటు లైను, నీళ్ళ ట్యాంకరు దగ్గర లైను అన్నారు. వెనక బెంచీ నుంచి ఎవరో ‘లైను వెయ్యడం’ అని గొణిగితే తరగతంతా నవ్వింది. ఇంటికొచ్చి నిఘంటువు తిరగేస్తే, ఆ మాట పుట్టుక లాటిన్‌లో ఉందట, మొదట దానికి నార పోగు అని అర్థమట. గీత, వరుస, దారి అన్నీ తర్వాత వచ్చిన అర్థాలే. పోగు అన్నచోట ఆగి పుస్తకం మూసేశాను.

మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. శ్రావణమాసపు తుంపరలో మగ్గం గుంట చెమ్మవాసన, కొత్త పట్టు పచ్చివాసన, వంటింట్లోంచి ఉడికే కందిబేడల వాసన కలిసి వచ్చేవి. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు వినిపిస్తుంటే మేం అరుగు మీద అచ్చనగండ్లు ఆడేవాళ్ళం. లోపల మా అవ్వ, అంటే నాయన తల్లి, వక్క నములుతూ అతుకులు వేసేది. మగ్గం మీది నిలువు పోగుల వరుసే వార్పు. అయిపోయిన వార్పు కొసలకు కొత్త వార్పు పోగులను ఒక్కొక్కటే కలపాలి, అవి వేలల్లో ఉంటాయి. కొబ్బరిచిప్పలో బూడిద పెట్టుకుని, వేళ్ళు అద్ది, రెండు కొసలనూ మెలి తిప్పేది. ఒక పోగు తప్పినా చీర నిలువునా సన్నటి సందు పడుతుంది. మా ఇంట్లో లైను అంటే అదే.

అతుకు తప్పిన పిల్లలను బడి మానిపించి, చెయ్యి కుదిరేదాకా పోగుల ముందే కూర్చోబెట్టడం మా వీధి రివాజు. అలా కూర్చున్న ఆడపిల్లలెవరూ మళ్ళీ బడి గడప తొక్కలేదు.

నాకు పదేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం, కళ్ళు లాగుతున్నాయని అవ్వ కాసేపు తన బదులు నన్ను అతుకులకు కూర్చోమంది. సాయంత్రం రైలుకు పెనుకొండలో చిన్నమ్మ ఇంటికి పోవాలి, అక్కడ బెల్లం ఓళిగలు చేస్తున్నారు. మనసంతా వాటి మీదే పెట్టి గబగబా మెలికలు తిప్పాను. ఒకచోట రెండు పోగులను కలిపి ఒకే కొసకు చుట్టేసి, చూసి కూడా ఊరుకున్నాను.

ముసురు వెలుతురులో నాయనకు అది కనపడలేదు. మొదటి చీర కోసి వాకిట్లో ఎండకు పట్టినప్పుడు లైను తేలింది.

“ఎవురు అతికింది ఈడ?” అన్నాడు.

“నాదేలేరా. కండ్లు ఆనడంల్యా,” అంది అవ్వ.

నేను గుంజ చాటుకు జరిగాను. తర్వాతి వార్పుకు పక్కవీధి ఆమెను పిలిపించారు. అవ్వ ఆ పొద్దు నుంచి వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరింది, పోయేదాకా అంతే. బూడిద చిప్ప మూలన పడింది. నేను బడికి పోయాను.

పోయిన ఆదివారం ధర్మవరం పోయి, నాయనకు నిఘంటువు సంగతి చెప్తూ, ఇన్నేళ్ళు దాచుకున్న మాట కూడా బయటపెట్టాను.

“నాయనా, ఆ పోగు తప్పించింది నేను.”

“అప్పుడే తెలుసు పాపా. కోసి పారేసిన అతుకుల ముక్క చూసినా. నాలుగు వేళ్ళ మేర మెలికలు ఎదురు తిరిగుండాయి. మనింట్లో పుర్రచెయ్యి ఇంకెవరికుండాది?”

“మరి అవ్వనెందుకు మాన్పించినావు?”

“నాదే, నాదే అని పట్టుబట్టింది. కాదంటే నిన్ను బడి మాన్పిస్తానని ఆమె భయం. మాన్పించేవాణ్ణే.”

ఇప్పుడు మా వీధిలో మరమగ్గాలే ఎక్కువ. వేళ్ళకు బూడిద అద్దుకునేవాళ్ళు కనపడరు. మా చీరలు కొనే సావుకారు లైను చూసి వద్దన్న ఆ చీర నా పెట్టెలో ఉంది. తడిమితే లైను వేలికి తగులుతుంది. నాయనకు చెప్పిన ఆ ఒక్క మాట, వాకిట్లో రాళ్ళు ఏరుకుంటున్న అవ్వ దగ్గర కూర్చుని చెప్పి ఉండాల్సింది.