పన్సా పెరటి అంజూరు

నీటికాలువ కాపరి పన్సా ఎదురొస్తే చెట్లు కూడా పక్కకు తప్పుకుంటాయని ఆ ఊరి ఆడవాళ్లు నవ్వుకునేవారు. రోముకు దక్షిణాన కొండల నడుమ చిన్న ఊరది. పై ఊట నుంచి ఊరిదాకా కాలువ భూమి లోపలే వస్తుంది. రాతి గోడలు, రాతి కప్పు, లోపల పెంకుపొడి, సున్నం కలిపి నున్నగా తీర్చిన పూత. కంటికి ఆనని వాలు మీద నీళ్లు నింపాదిగా నడిచొస్తాయి. ఆ పూతకు చెట్టు వేరంటే హడల్. అందుకే కాలువకు పదిహేను అడుగుల లోపు చెట్టుంటే కొట్టెయ్యాలని చట్టం. పన్సా ఎవరికీ మినహాయింపు ఇచ్చేవాడు కాదు. సొంత బావమరిది కర్బో ఆలివ్ చెట్టును కూడా నరికేశాడు.

"నీకు చెప్పే కొడుతున్నానురా, తర్వాత అలగొద్దు."

"మరి నీ పెరట్లో అంజూరో, బావా?" అని కర్బో ఇంతెత్తున లేచాడు.

"అది ఇరవై అడుగుల అవతలుంది. కావాలంటే కొలుచుకో!"

ఆ అంజూరంటే పన్సా భార్య ఫాడియాకు ప్రాణం. పెళ్లయిన కొత్తలో పుట్టింటి నుంచి కొమ్మ తెచ్చి నాటుకుంది. ఎండలకు ఊళ్లో చెట్లన్నీ వాడిపోయినా అదొక్కటీ నిగనిగలాడుతూ విరగకాసేది. "అంతా మా ఆవిడ చేతి చలవ" అని పన్సా తెగ గొప్పలు పోయేవాడు.

ఒక వేసవిలో దిగువ వీధి తొట్టిలో పడే ధార సన్నబడిపోయింది. కడవలతో నిలబడ్డ ఆడవాళ్లు శాపనార్థాలు మొదలుపెట్టారు. అందరికన్నా ఫాడియా గొంతే పెద్దది. "మన నీళ్లు దొంగతనంగా తాగేవాళ్ల కడుపు కాలా!"

పైన నీళ్లు మళ్లించి, పన్సా ఒక్కడే దీపం పట్టుకుని కాలువలోకి దిగాడు. వంగి, పాకి, తన ఇంటి దాపుకి వచ్చి దీపం ఎత్తి చూశాడు. పూత పగిలి, వేళ్లు కుచ్చులు కుచ్చులుగా దిగి కాలువకు అడ్డం పడి ఉన్నాయి. ఒకటి తెంచితే తెల్లగా పాలు కారాయి. అంజూరే, సందేహం లేదు. తను చెట్టు మొదలు దాకా కొలుచుకున్నాడు గాని, వేళ్లకు కొలతలు ఎవరు చెప్పారు?

చెట్టు కొడదామంటే ఫాడియాకు చెప్పాలి. ఊళ్లో చెబుదామంటే కర్బో ఊరుకోడు. రెంటికీ ధైర్యం చాలక, వేళ్లన్నీ లోపలే కోసేసి, పగుళ్లు పూడ్చి బయటపడ్డాడు. ఏముంది లోపల అని అడిగినవాళ్లకు, నీళ్లలోని సున్నం పెచ్చులుగా పేరుకుంటే గీకేశానని చెప్పాడు. పూత గట్టిపడ్డాక నీళ్లు వదిలితే ధార మళ్లీ లావెక్కింది. ఊరంతా అతన్ని మెచ్చుకుంది.

అంజూరు ఆకులు మాత్రం పసుపెక్కి రాలసాగాయి. ఫాడియాకు ఏమీ పాలుపోలేదు. తొట్టి నుంచి కడవల కొద్దీ నీళ్లు మోసుకొచ్చి పోసింది. "చూస్తూ కూర్చోకపోతే నువ్వూ ఒక కడవ తేరాదూ?" అంటే, తెలిసి తెలిసి పన్సా కూడా మోశాడు. ఒకరోజు మధ్యాహ్నం ఆమె గుమ్మంలో జారి పడింది. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతున్నా, కడవలో మిగిలిన కాసిని నీళ్లూ చెట్టుకే పొయ్యబోయింది. ఇక పన్సా తట్టుకోలేకపోయాడు.

"పొయ్యకే. అదింక బతకదు. దాని వేళ్లు నేనే కోశాను" అని జరిగిందంతా చెప్పేశాడు.

"అయితే నా తిట్లన్నీ నాకే తగిలాయన్నమాట" అని ఫాడియా ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వులోనే కళ్లనిండా నీళ్లొచ్చాయి. "చెట్టు పోతే పోయింది, ఊరి గొంతు తడవాలిగా. కానీ మా తమ్ముడి చెట్టు వాడికి మొహమ్మీద చెప్పి కొట్టావు. నాకు ఆ మాత్రం మర్యాద కూడా లేకపోయిందా?"

ఫాడియా లోపలి నుంచి గొడ్డలి తెచ్చి పన్సా చేతిలో పెట్టింది.

"ఉండు, తమ్ముణ్ని పిలుచుకొస్తాను. వాడు వచ్చాకే మొదలుపెట్టు" అని కుంటుకుంటూ వీధిలోకి నడిచింది.