ఎడమకు తిరిగిన గానుగెద్దు

గానుగెద్దు తిరగక ఇంకేం చేస్తుంది అని మా ఇంట్లో అందరూ నవ్విన రోజు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చీపురుపల్లిలో మా అత్తవారిది నూనె కొట్టు. మిల్లు నూనెలు ఎన్ని ఉన్నా, ఎద్దు గానుగ నూనే కావాలని కార్లేసుకొచ్చే జనం ఈమధ్య ఎక్కువయ్యారు. కొట్టులో కూర్చుని బేరం చూసేది మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. మా ఆయన నువ్వులు కొనడానికి ఊళ్లమ్మట తిరుగుతుంటాడు. వెనక పెరట్లో ఎద్దును తోలేదాన్ని నేను. గానుగ ఎప్పుడూ దానికి కుడివైపే ఉంటుంది. కళ్లకు గంతలుంటాయి. అవి కట్టేదీ నేనే, విప్పేదీ నేనే.

ఆ ఏడు వానలు వెనకబట్టాక జోరీగలు విపరీతంగా పెరిగాయి. తోకతో కొట్టుకుని కొట్టుకుని ఎద్దు అలసిపోయేది. ఒకరోజు ఒళ్లు కాలిపోయేది, మర్నాడు ఏమీ లేనట్టే ఉండేది. తవుడు పెట్టినా మూతి తిప్పుకునేది. డొక్కలు లోపలికి పోయాయి. ఒక మధ్యాహ్నం కాడి విప్పి పెరట్లో వదిలితే, ఎవరూ తోలకుండానే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. నూనె కోసం వచ్చినవాళ్లు ఫోన్లు తీసి వీడియోలు పట్టుకున్నారు. బావగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"సూడండి బాబూ, ఇప్పీసినా తిరుగుతాది. మా ఎద్దుకి పనంటే అంత ఇష్టం!"

నాకు మాత్రం నవ్వు రాలేదు. అది ఎడమకు తిరుగుతోంది. ఇన్నేళ్లూ కుడికి తిరిగిన ఎద్దు, అలవాటుకొద్దీ తిరిగితే కుడికే తిరగాలి కదా.

"బావా, ఇది అలవాటు కాదు. దీనికేటో అయింది," అన్నాను.

"కుడేటి, ఎడమేటమ్మా? నువ్వు మరీను," అని ఆయన మళ్లీ జనం వైపు తిరిగారు.

సాయంత్రానికి అది గోడకు నుదురు ఆనించి తోస్తూ నిలబడిపోయింది. గంతలు విప్పి ఆ ముఖాన్ని వెలుతురులోకి తిప్పి చూశాను. కళ్ల మీద తెల్లటి పొర, ధారగా నీళ్లు. తెల్లారకముందే గంతలు కట్టేస్తాం, విప్పేసరికి మునిమాపు అవుతుంది. ఆ పొర ఎప్పుడు పట్టిందో మాలో ఎవరమూ చూడలేదు. అత్తగారు వాత పెట్టిద్దామన్నారు. బావగారి ఆలోచన వేరు.

"సంతకి తోలీద్దాం. కళ్లు పూర్తిగా పోకముందే ఎవుడో ఒకడు కొంతాడు."

"కొన్నోడి సాలలో సచ్చిపోతే?" అన్నాను.

"అది ఆడి కర్మ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్లూ మనకు నూనె పిండిన ఎద్దును తీసుకెళ్లి, ఏమీ తెలియనివాడి నెత్తిన రుద్దుతారా? తెల్లారగానే పశువుల ఆసుపత్రికి వెళ్లి, డాక్టరుగారు బయల్దేరేదాకా కదలకుండా కూర్చుని, ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చాను. ఆయన ఎద్దు చెవి కొన నుంచి రక్తం చుక్క తీసి గాజుపలక మీద పూసి పట్టుకెళ్లారు. మైక్రోస్కోపులో చూస్తే ఆ రక్తం నిండా పురుగులేనట. సర్రా జబ్బు అన్నారు. ఒక పశువు రక్తం తాగిన జోరీగ ఇంకోదాన్ని కుడితే అంటుకుంటుందట. ఇంజెక్షన్ చేశారు.

"బతకొచ్చు. కానీ నేను చెప్పేదాకా కాడి కట్టకండి. కట్టారో, ఇక నా చేతిలో ఏమీ లేదు," అన్నారు.

ఎద్దు మెల్లగా మేత ముట్టింది, కాళ్లు మాత్రం ఇంకా వణుకుతూనే ఉన్నాయి. ఈలోపు కార్తీకమాసం వచ్చిపడింది. దీపాలకు నువ్వులనూనె కావాలని కొట్టు ముందు జనం. ఒక ఉదయం బావగారు స్వయంగా కాడి పట్టుకుని పెరట్లోకి వచ్చారు.

"ఇయ్యాల కట్టాల్సిందే. నేదంటే రేపు సంతకి పంపీడమే. కూకోబెట్టి మేపడానికి ఇదేటి, సుట్టమా?"

ఎద్దుకు అడ్డంగా నిలబడ్డాను. ఆయన చేతిలో కాడి లాక్కుని పక్కన పడేశాను. పెద్దాయన ముందు గొంతు పెంచకూడదని నాకూ నేర్పారు. అయినా కొంగు నడుముకు బిగించి, ఎద్దు లాగే గానుగ దూలానికి భుజం ఆనించాను.

"నూనె కావాల, అంతే గదా. నాను తిప్పుతాను."

దూలం కదల్లేదు. పళ్లు బిగించి మళ్లీ తోశాను. గానుగ కిర్రుమని ఒక్క జానెడు జరిగింది, తర్వాత ఇంకాస్త. భుజం విరిగిపోతుందనిపించింది. రోజంతా ఇదే బరువు లాగిందా ఆ మూగజీవి అనుకుంటే ఏడుపొచ్చింది, ఆ ఏడుపుకి కోపం ఇంకా పెరిగింది. కొట్టులో జనం తొంగిచూస్తున్నారు. ఫోన్లు లేచాయి.

"ఆపమ్మా! జనం సూస్తన్నారు, పరువు పోతాది!"

"సూడనీ."

బావగారు పెరటి తలుపు మూయబోయారు. అరుగు మీద నుంచి అత్తగారు గట్టిగా అరిచారు.

"ఒరే, తలుపు ముయ్యకు! ఎద్దుని కట్టాలన్నోడివి నువ్వే గదా. ఇలాగొచ్చి ఆ పక్క భుజం ఎట్టు."

ఆయన కదల్లేదు. తలుపు రెక్క పట్టుకుని అలాగే నిలబడిపోయారు. అత్తగారే మోకాళ్లు పట్టుకుంటూ దిగి వచ్చి, నా పక్కన దూలం మీద చేతులు వేశారు. ఇద్దరం కలిసి తోశాం. ఆ రోజంతా కష్టపడితే చెంబెడు నూనె కూడా దిగలేదు. మర్నాడు ఎద్దు సంతకు వెళ్లలేదు.